4 అడుగుల ఉప్పునీటి ట్యాంక్‌కి ఏ సైజు ప్రొటీన్ స్కిమ్మర్ కావాలి?

శ్రీకాకుళంలో ఒకరు ఇంట్లో సముద్రపు చేపలు పెంచడానికి 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తున్న ట్యాంక్ కొన్నారు, స్కిమ్మర్ (నీళ్లలోని చేపల వ్యర్థాలను నురగగా బయటికి తీసే పరికరం) సైజు అడిగారు.

ముందు నీళ్లు లెక్కేయండి. మీ ట్యాంక్ 9 ఘనపుటడుగులు, అంటే దాదాపు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన ఖాళీ తీసేసి సంప్ (ట్యాంక్ కింద స్కిమ్మర్ పెట్టే తొట్టి) నీళ్లు కలిపితే మళ్లీ ఇంచుమించు 250 దగ్గరే తేలుతుంది.

ఇక డబ్బా మీద అంకె. "500 లీటర్ల వరకు" అని పెద్దగా రాసేది సాధారణంగా చేపలు తక్కువున్న ట్యాంక్‌కి. చేపలు ఎక్కువైతే అదే స్కిమ్మర్ సగానికే సరిపోవచ్చు. అందుకే లైట్ లోడ్, హెవీ లోడ్ విడిగా ఇచ్చిన మోడల్ చూడండి, హెవీ లోడ్ అంకెనే నమ్మండి. మీకు అది 250–300 ఉంటే చాలు. మరీ పెద్దది మాత్రం వద్దు. సన్నటి బుడగలకు చేపల వ్యర్థాలు అంటుకుంటేనే గట్టి నురగ కట్టి, స్కిమ్మర్ మెడ మీదుగా పైన చెత్త పట్టే కప్పులోకి ఎక్కుతుంది. వెడల్పాటి గొట్టానికి సరిపడా వ్యర్థం లేకపోతే ఆ నురగ మెడ దాకా రాదు, కప్పు ఖాళీగానే ఉంటుంది.

సంప్ కొలతలు, అందులో నీటి మట్టం కంపెనీ చెప్పినదానికి సరిపోవాలి. చాలామంది ఇది కొన్నాకే చూసుకుంటారు.

నీళ్లు కళింగపట్నం నుంచి తెచ్చుకునే ఆలోచన ఉంటే వానాకాలంలో వద్దు. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది, వరదకు ఉప్పదనం పడిపోతుంది. చేపలకు ప్రమాదం సరే, ఉప్పు తగ్గితే బుడగలు పెద్దవై స్కిమ్మర్ కూడా సరిగా పనిచేయదు.

కొత్త స్కిమ్మర్ మొదటి వారం పది రోజులు ఎలా పొంగినా టెన్షన్ పడి రోజూ సెట్టింగులు మార్చకండి.