పనికాడ దెబ్బ తగిలి మళ్ళీ డ్యూటీల చేరితే ఈఎస్ఐ (కార్మికుల బీమా) పైసలు ఆగిపోతయా?

అన్నీ ఆగవు, ఇంట్ల ఉన్న రోజులకు ఇచ్చే పైసలే ఆగుతయ్, శాశ్వత వైకల్యానికి ఇచ్చేవి మీరు పనిచేస్తున్నా వస్తనే ఉంటయ్.

ఎందుకంటే మొదటిది పోయిన జీతానికి బదులు, దాదాపు 90 శాతం కట్టిస్తరు, కాబట్టి జీతం తీసుకున్న రోజుకు అది రాదు. రెండోది అట్ల కాదు, దెబ్బ వల్ల మీ సంపాదించే శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు చూసి శాతం రాస్తది, దాన్ని బట్టి బతికున్నంత కాలం ఇస్తరు.

వరంగల్ ఎనుమాముల దిక్కు పత్తి జిన్నింగ్ మిల్లుల రోజుకు 500 పడే మనిషికి రోలర్ల వేలు నలిగి రెండు నెలలు ఇంట్ల ఉన్నడనుకోండి, రోజుకు 450 దాకా వస్తది, ఆదివారాలు కూడా కలిపే. ఈఎస్ఐ డాక్టర్ ఇగ పనికి పోవచ్చని ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చినంక డ్యూటీల చేరితే అది బంద్. బోర్డు 10 శాతం అని రాస్తే మాత్రం రోజుకు 45 లెక్కన జీతంతో పాటు వస్తది.

చాలామంది డ్యూటీకి పోతే క్లెయిమ్ వదులుకున్నట్టే అనుకొని మానిన చేతితోని కూడా ఇంట్లనే కూసుంటరు, ఇంకొందరు బోర్డుకే పోరు, ఇది మరీ నష్టం. యాక్సిడెంట్ రిపోర్టు యజమాని ఈఎస్ఐకి పంపిండా లేదా అన్నది మాత్రం మొదటి వారంలనే గట్టిగ అడిగి చూసుకోండి. చేరినంక అదే దెబ్బ తిరగబెడితే డాక్టర్ మళ్ళీ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులకు కూడా పైసలు అడగొచ్చు.