సింహం కోసమే అయితే వెళ్లకండి

దారి అడిగినవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉద్యోగం చేస్తోంది. మే నెలలో మేమిద్దరం వెళ్తున్నాం. హ్లుహ్లువే అడవికి తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చని అల్లుడు అంటున్నాడు. మావారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సింహం కనిపిస్తుందా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అల్లుడుగారి లెక్క కాగితం మీద సరిపోతుంది, మోకాళ్లకే సరిపోదు. డర్బన్ నుంచి ఎన్2 హైవే మీద ఉత్తరంగా సుమారు 270 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. రానూపోనూ ఆరు గంటలు కారులో. అడవి లోపల మళ్లీ ఆరేడు గంటలు, అదీ కారులోనే. మేం డర్బన్‌లో ఉన్న రోజుల్లో ఇండియా నుంచి దిగిన చుట్టాలందరినీ ఆ అడవికి తిప్పే డ్యూటీ నాది. ఒక్క రోజులో పోయివచ్చినవాళ్లు ఊరికెళ్లాక చెప్పుకునేది టోల్ గేట్ల గురించే.

ముందు రోజే బయలుదేరి సెయింట్ లూసియాలో గానీ మ్టుబాటుబాలో గానీ రాత్రి ఉండండి. సెయింట్ లూసియాలో భోజనం చేశాక నడకకు వెళ్లే అలవాటుంటే ఆ ఒక్క రాత్రికి మానుకోవాలి. చీకటి పడ్డాక నీటిఏనుగులు మేత కోసం ఊరి వీధుల్లోకి వస్తాయి. బొద్దుగా, నెమ్మదిగా ఉన్నాయి కదా అని దగ్గరికి పోతే పరుగులో మనం గెలవం.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పార్కు గేట్లు ఉదయం 5కి తెరుస్తారు, మిగతా నెలల్లో 6కి. మీరు 6కల్లా న్యాలాజీ గేటు దగ్గర ఉండాలి. అసలు పేరు హ్లుహ్లువే-ఇంఫొలోజి పార్కు. 96,000 హెక్టార్లు. ఉత్తరాన కొండలు, దట్టమైన చెట్లు ఉన్న హ్లుహ్లువే, దక్షిణాన కాస్త ఎండిన నేల ఉన్న ఇంఫొలోజి. రెండూ ఒకే రోజు చూసేద్దామని ఎవరన్నా వినకండి. లోపల గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, నిజానికి 25 దాటినా ఏమీ కనిపించదు. మీకైతే నేను ఇంఫొలోజి వైపే చెబుతాను. సొంటులి లూప్ అనే చుట్టుదారి నది పక్కగా పోతుంది. ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ ఇంజను ఆపి ఇరవై నిమిషాలు కూర్చోండి. తిరిగేవాళ్ల కంటే కూర్చున్నవాళ్లకే ఎక్కువ కనిపిస్తాయి.

గైడుతో పైకప్పు తెరిచిన జీపుల్లో వెళ్లొచ్చు. జంతువు ఎక్కడుందో పట్టేయడంలో వాళ్ల కళ్లు వేరు. కానీ ఆ జీపు ఎక్కడానికి నిచ్చెన మెట్లలాంటివి ఉంటాయి, మే నెల పొద్దున్నే చలిగాలి ముఖాన కొడుతుంది. మీవారి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి అమ్మాయి కారే మేలు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. అనుమతించిన చోట్ల తప్ప కారు దిగకూడదు, కాబట్టి బాత్రూమ్ సంగతి ముందే చూసుకోండి. ఇంఫొలోజిలో మ్పిలా క్యాంపు దగ్గర ఆగండి. మే నెల ఎంచుకోవడం మాత్రం భేష్. మనకు ఎండలు మండే ఆ రోజుల్లో అక్కడ వానలు ఆగి, గడ్డి పలచబడుతుంటుంది. డిసెంబరు, జనవరిలో అంతా పచ్చగా అందంగా ఉంటుంది గానీ నిలువెత్తు గడ్డిలో ఏనుగు కూడా దాక్కుంటుంది.

ఇక సింహం. ఉన్నాయి. కనిపిస్తాయా అంటే, పూచీ ఇవ్వలేను. మా పెద్దమ్మ కొడుకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "సింహం ఏదీ?" అంటూ, కిటికీ పక్కనే నిలబడ్డ జిరాఫీని ఫోటో కూడా తీయలేదు. అసలు ఒకప్పుడు ఆ అడవిలో సింహాలే మిగల్లేదు, వేటాడి తుడిచిపెట్టేశారు. 1958లో ఒక మగ సింహం ఒంటరిగా, దానంతటదే వచ్చింది. తర్వాత దానికి తోడుగా ఆడ సింహాలను తెచ్చి వదిలారు. ఏనుగులూ అంతే, 1981 నుంచి బయటి నుంచి తెచ్చి పెంచినవే. మీరు అక్కడ చూడవలసింది ఖడ్గమృగాన్ని.

ప్రశ్న: ఆ పార్కు ఫోటోల్లో ఖడ్గమృగాలకు కొమ్ముల్లేవు. ఏదైనా జబ్బా? కొమ్ము లేని ఖడ్గమృగాన్ని చూడటానికి అంత డబ్బు పెట్టుకుని వెళ్లాలా?
(ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: జబ్బు వాటికి కాదు, కొనేవాళ్లకు. మందుగా పనికొస్తుందని, హోదాకు గుర్తని ఆసియా దేశాల్లో ఆ కొమ్ముకు గిరాకీ ఉంది. మన గోళ్లలో ఉండే కెరాటినే అది. 2023లో ఆ ఒక్క క్వాజులు-నటాల్ రాష్ట్రంలోనే దొంగ వేటగాళ్లు 325 ఖడ్గమృగాలను చంపారు. అందులో ఎక్కువ ఈ పార్కులోవే. దాంతో 2024లో పార్కు వాళ్లే వాటికి మత్తు ఇచ్చి, మొదలు దగ్గర పెరిగే భాగం వదిలి, కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాలి. ఖర్చుతో కూడిన పని. చూడటానికి మొదట మనసొప్పదు, ఒప్పుకుంటాను. చచ్చిపోయి పడి ఉన్నదాన్ని చూసిన గార్డులకు ఆ మాట చెబితే నవ్వుతారు.

డబ్బు సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దం చివరికి దక్షిణ తెల్ల ఖడ్గమృగాలు వంద కూడా మిగల్లేదు. ఆ మిగిలినవి ఈ ఇంఫొలోజి నదుల మధ్యే ఉన్నాయి. ఇవాళ ప్రపంచంలో ఏ పార్కులో, ఏ జూలో దక్షిణ తెల్ల ఖడ్గమృగాన్ని చూసినా దాని తాతముత్తాతలది ఈ ఊరే. 1960ల్లో ఇయాన్ ప్లేయర్ అనే అధికారి, ఆయన బృందం మత్తుమందు సూదులతో వాటిని పట్టి, క్రూగర్ లాంటి వేరే పార్కులకూ, విదేశాలకూ పంపారు. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క రోగం చాలు, జాతే పోతుందని భయం. మత్తు మోతాదు ఎంతన్నది కూడా అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు, చేస్తూ నేర్చుకున్నారు. న్యాలాజీ గేటు దగ్గరలో సెంటినరీ సెంటర్ అని ఉంది, జంతువులను ఎలా పట్టేవారో అక్కడ చూపిస్తారు. ఎండ ముదిరి జంతువులన్నీ నీడకు చేరే పదకొండు గంటల వేళ అక్కడికి వెళ్లండి.

అన్నట్టు, "తెల్ల"దీ బూడిద రంగే, "నల్ల"దీ బూడిద రంగే. వెడల్పు మూతితో తల వంచి గడ్డి మేస్తే తెల్లది. మొనదేలిన పెదవితో పొదల ఆకులు తెంపుకుంటుంటే నల్లది. నల్లది కనిపిస్తే ఇంజను ఆపకండి, దాని కోపం అందరికీ తెలిసిందే.

ప్రశ్న: జంతువులు తప్ప అక్కడ చరిత్ర ఏమైనా ఉందా? నేను చరిత్ర లెక్చరర్‌ని.
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: మీలాంటివారు ఉత్తరం రాస్తే నాకు హుషారు. ఈ అడవిని 1895లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆఫ్రికాలోని అతి పాత రక్షిత అడవుల్లో ఇదొకటి. అంతకుముందు ఇది జులూ రాజుల వేట భూమి. తెల్ల ఇంఫొలోజి, నల్ల ఇంఫొలోజి కలిసే చోట, జులూ రాజు షాకా కాలంలో రెండు నదుల మధ్యకు జంతువులను తరుముకొచ్చి, తవ్వి ఉంచిన గోతుల్లో పడేసేవారు. ఆ గోతుల ఆనవాళ్లు ఉన్నాయి గానీ, అవి వాహనాలను రానివ్వని భాగంలో ఉన్నాయి, గైడుతో కాలినడకనే చేరాలి. 1959లో అక్కడ కాలినడక యాత్రలు మొదలుపెట్టినప్పుడు ఇయాన్ ప్లేయర్‌కు అడవి నేర్పింది మగ్కుబు ఎన్‌టొంబెలా అనే జులూ గార్డు. ప్లేయర్ పేరు చెప్పి ఈయన పేరు మింగేసే గైడును నేను సగం గైడు అంటాను.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో చేదు కథ ఉంది. సెట్సీ ఈగ వల్ల పశువులకు నగానా రోగం వస్తుందని, ఈగకు ఆశ్రయం అడవి జంతువులేనని, ప్రభుత్వమే వాటిని వేలకు వేలు కాల్పించింది. రక్షిత అడవి అని ప్రకటించిన ప్రభుత్వాలే!

మీకు ఇంకో రోజుంటే ఉలుండి వెళ్లండి. అక్కడ జులూ రాజు సెట్ష్వాయో రాజధాని ఒండీనిని 1879 జులై 4న బ్రిటిషు సైన్యం తగలబెట్టింది. పార్కుకు పడమటన ఉన్న సెంగేని గేటు ఆ ఊరి వైపే తెరుచుకుంటుంది. డర్బన్‌కు తిరిగొస్తూ క్వాడుకూజాలో ఆగితే ఊరి నడుమ షాకా స్మారకం ఉంది. 1828లో సవతి సోదరులు ఆయన్ని చంపింది అక్కడే.

ఆ రోడ్డుకు రెండు వైపులా చెరకు తోటలు చూస్తారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరినప్పటి నుంచి ఆ తోటల్లో పనికి కూలీలను ఒప్పందం మీద తెచ్చారు. వారిలో మీ ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. లెక్చరర్ కదా, అడవికి కేటాయించిన రోజుల్లోంచి ఒక పూట తగ్గించి వాళ్లను కలవండి.

ప్రశ్న: శాకాహారులం. తిండికి ఇబ్బందా? మలేరియా టెన్షన్ కూడా ఉంది.
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: డర్బన్‌లో ఇబ్బందే లేదు. బ్రెడ్డు లోపలి భాగం తీసేసి చిక్కుడుగింజల కూర నింపిన "బనీ చౌ" తప్పక తినండి, ఘాటుగా ఉంటుంది. అడవికి మాత్రం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడమే మంచిది. మలేరియా ప్రమాదం తక్కువ ఉన్న ప్రాంతమే, కానీ అసలు లేదని కాదు. బయలుదేరే ముందు డాక్టర్ని అడగండి, పొద్దుగూకితే నిండు చేతుల బట్టలు వేసుకోండి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలకు మించి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. పిక్నిక్ స్థలాల్లో కోతులుంటాయి, తిరుమల కొండ మీది వాటికి ఏమాత్రం తీసిపోవు. డబ్బా మూత కారు అద్దాలు ఎత్తాకే తీయండి.