ఖరగ్‌పూర్ ఐఐటీ చూడాలంటే మెయిన్ బిల్డింగ్ దగ్గర మొదలుపెట్టకండి

"మా పాపకి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటు వచ్చేలా ఉంది. చేరేముందు ఒకసారి క్యాంపస్ చూపిద్దామనుకుంటున్నాం. ఏయే భవనాలు చూడాలి?" అని ఒకరు అడిగారు. నేను చదువుకున్నది అక్కడే. మా వాళ్లను తీసుకెళ్లి తిప్పి చూపించిన అనుభవమూ ఉంది. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

అందరూ నేరుగా మెయిన్ బిల్డింగ్ ముందుకెళ్లి నిలబడతారు. అక్కడ ఫొటోలు దిగుతారు, పక్కనే విక్రమశిల, ఆ తర్వాత నలందా అనే క్లాసుల భవనాలు చూస్తారు, క్యాంపస్‌లోని టెక్ మార్కెట్‌లో టీ తాగి రైలెక్కేస్తారు. ఇంతదూరం వెళ్లి చూడాల్సింది అది కాదు. ముందు పాత బిల్డింగ్‌కి వెళ్లండి. ఇప్పుడు దాని పేరు హిజ్లీ షహీద్ భవన్. అందులో నెహ్రూ సైన్స్ అండ్ టెక్నాలజీ మ్యూజియం ఉంది. దాన్ని చూడకుండా మిగతావి ఎన్ని చూసినా ఆ కాలేజీ ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

మా మేనకోడలికి సీటు ఖాయమైనప్పుడు తనతో పాటు మా బావగారిని కూడా తీసుకెళ్లాను. ఆయనది విశాఖ, రైల్వే కుటుంబం. ఖరగ్‌పూర్ అంటే ఆయన దృష్టిలో వర్క్‌షాపు, పొడవాటి ప్లాట్‌ఫారం, రైల్వే పని కోసం అక్కడికి వెళ్లి స్థిరపడిన మన తెలుగువాళ్లు. కాలేజీ విషయానికొస్తే గేటు దాటిన దగ్గర్నుంచీ ప్యాకేజీల గురించే అడుగుతున్నారు. ఏ బ్రాంచికి ఎంత, నిరుడు ఎంత, కంప్యూటర్స్‌కైతే ఎంత. తండ్రిగా ఆయన టెన్షన్ ఆయనది, తప్పుపట్టను.

పాత బిల్డింగ్ ముందు ఆపి చెప్పాను. బ్రిటిష్‌వాళ్లు 1930లో దీన్ని నిర్బంధ శిబిరంగా మార్చి స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించారు. 1931 సెప్టెంబర్ 16 రాత్రి పోలీసులు ఆయుధాల్లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ల భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ ఇక్కడికొచ్చారు. కలకత్తా సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ కాల్పుల్ని ఖండించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి, 1951లో, ఇదే భవనంలో 224 మంది విద్యార్థులతో, 42 మంది అధ్యాపకులతో దేశంలో మొదటి ఐఐటీ క్లాసులు మొదలయ్యాయి.

"అంటే ల్యాబులు కూడా ఇందులోనేనా మావయ్యా?" అంది పిల్ల. క్లాసులు, ల్యాబులు, ఆఫీసు అన్నీ ఇందులోనే అన్నాను. లైబ్రరీ కూడా ఇక్కడే ఒక చిన్న గదిలో మొదలైంది. గోడ మీద చెయ్యి పెట్టి పైనున్న టవర్ వైపు చాలాసేపు చూసింది.

మా బావగారిని ఆపింది మాత్రం మ్యూజియం ఆవరణలో ఉన్న ఆవిరి ఇంజిన్. వాళ్ల నాన్నగారు స్టీమ్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేశారు. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి చూసినవన్నీ ఆయనకి గుర్తున్నాయి. సిలిండర్ దగ్గర నిలబడి, మోచేతిని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, పిస్టన్ తోస్తే కనెక్టింగ్ రాడ్ చక్రాన్ని ఎలా తిప్పుతుందో, మిగతా చక్రాలు దానితో కలిసి ఎలా తిరుగుతాయో కూతురికి చూపించారు. పిల్ల తీసుకోబోయేది మెకానికల్. రెండేళ్లు కోచింగ్‌లో ఘర్షణ మీద, టార్క్ మీద వందల లెక్కలు చేసింది, ఆ రాడ్‌ని మాత్రం ముట్టుకుని చూడటం అదే మొదటిసారి. మన కోచింగ్ సెంటర్ల మీద నాకు ఎప్పుడూ ఉన్న కోపం ఇదే. హోర్డింగు మీద ర్యాంకులు వేస్తారు కానీ పిల్లల చేతికి ఒక స్పానర్ ఇవ్వరు.

ఆ తర్వాతే మెయిన్ బిల్డింగ్‌కి తీసుకెళ్లాను. దాని ముందు 'దేశ సేవకు అంకితం' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పాత బిల్డింగ్ చూసొచ్చాక ఆ మాట చదవడం వేరు, నేరుగా వచ్చి చదవడం వేరు. క్యాంపస్ ప్లాన్‌కి మార్గదర్శనం చేసింది వెర్నర్ మోజర్ అనే స్విస్ ఆర్కిటెక్ట్. పైన కనిపించే టవర్ అలంకారం కోసం కట్టింది కాదు, అందులో అత్యవసరానికి పదివేల గ్యాలన్ల నీళ్లు పట్టే స్టీలు ట్యాంకు ఉంది. మొదటితరం ఇంజినీరింగ్ కాలేజీలు అలా కట్టారు. ఇప్పుడు మన దగ్గర కొత్త కాలేజీలకు వెళ్తే ముందు ఏసీ ఆడిటోరియం చూపిస్తారు, తర్వాత బస్సుల వరస, తర్వాత గాజు అద్దాల ముఖద్వారం. వర్క్‌షాప్ చూపించమంటే తాళం వేసి ఉందంటారు. నా లెక్కలో వర్క్‌షాప్‌కి తాళం ఉన్న కాలేజీలో పిల్లల్ని చేర్చకూడదు, అంతే.

1956లో మొదటి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ, ఆ నిర్బంధ శిబిరం ఉన్నచోట దేశ భవిష్యత్తుకి ప్రతీకగా ఈ సంస్థ నిలబడిందన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట పిల్లలకి చేరే ముందే చెప్పాలి. నాలుగేళ్లలో చదువు విసుగనిపించే రోజులు తప్పక వస్తాయి, అప్పుడు పనికొస్తుంది.

ఇంకో మాట. ఆదివారం వెళ్లకండి. క్లాసులు నడిచే రోజున వెళ్లండి. లోపలికి అనుమతి, మ్యూజియం వేళలు ముందే కనుక్కోండి. క్యాంపస్ 2,100 ఎకరాలు, ఎండలో నడవలేరు, గేటు దగ్గరే రిక్షా మాట్లాడుకోండి. ప్యాకేజీల సంగతి పాపని అడగకుండా మీరే తర్వాత ఇంటర్నెట్‌లో చూసుకోండి. ఆ రోజుకి తనని చూడనివ్వండి.