ముక్కు సర్జరీకి తగిన సర్జన్‌ను ఎలా గుర్తించాలి?

మీరు ముఖ్యంగా అడిగినవి మూడు ప్రశ్నలు: ముక్కు దూలం మీది ఎత్తు తీయించుకోవడమంటే అసలు ఏం చేస్తారు, ప్రకటనల్లో అందరూ నిపుణులుగానే కనిపిస్తున్నప్పుడు అర్హత గల సర్జన్‌ను గుర్తించడం ఎలా, మొదటిసారి కలవడానికి వెళ్లేటప్పుడు ఏం సిద్ధం చేసుకోవాలి అని. నేను డాక్టరును కాను. చిన్నప్పుడు తగిలిన దెబ్బతో వంకర తిరిగిన ముక్కుకు, దానివల్ల ఒకవైపు సరిగా ఆడని ఊపిరికి కలిపి, పెద్దయ్యాక సెప్టోరైనోప్లాస్టీ, అంటే ముక్కు మధ్య గోడను, బయటి ఆకారాన్ని కలిపి సరిదిద్దే ఆపరేషన్, చేయించుకున్నవాడిని. అంతకుముందు పలువురు సర్జన్లను కలిసి, ఎవరు ఏం చెప్పారో రాసుకుని పోల్చి చూసుకున్నాను. ఆ అనుభవంతో నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. ఆపరేషన్ బల్ల మీద గడిచేవి కొన్ని గంటలే, ముక్కు పూర్తిగా కుదురుకోవడానికి మాత్రం ఏడాది పడుతుంది. కాబట్టి మీరు వెతకవలసింది ఆ ఏడాదంతా మీకు జవాబుదారీగా ఉండే సర్జన్‌ను.

ఏడాది అనడంలో అతిశయం లేదు. దూలం మీది ఎత్తులో కొంత ఎముక, కొంత మృదులాస్థి (వంగే గుణమున్న మెత్తటి ఎముక) ఉంటాయి. వాటిని తగ్గించాక పైభాగం చదునుగా, వెడల్పుగా మిగిలిపోకుండా సాధారణంగా ఇరుపక్కల ఎముకలను కోసి లోపలికి జరుపుతారు. ఆసరా అవసరమైన చోట ముక్కు మధ్య గోడ నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో మృదులాస్థి తీసి అమర్చుతారు. పైనున్న చర్మం ఆ కొత్త ఆకారం మీద సర్దుకోవాలి, లోపల గట్టిపడిన కణజాలం మెత్తబడాలి. వాపు దూలం దగ్గర ముందుగా, కొన దగ్గర అన్నిటికన్నా ఆఖరున తగ్గుతుంది. చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే ఏదో లోపం మిగిలినట్టు అనిపించినా, ఏడాది నిండకుండా రెండోసారి ఆపరేషన్‌కు సాధారణంగా ఒప్పుకోరు. ఎత్తు మరీ ఎక్కువగా తీసేస్తే పక్కగోడలు లోపలికి కుంగి, బయటికి ముచ్చటగా ఉన్న ముక్కులోంచే గాలి ఆడక అవస్థపడే పరిస్థితి వస్తుంది. ఊపిరి మాట తనంతట తాను ఒక్కసారైనా ఎత్తని సర్జన్‌ను నేనైతే అక్కడితో పక్కన పెట్టేస్తాను.

నాకు ఆపరేషన్ చేసినావిడ మొదటి భేటీలోనే ఇతర రోగుల ఫొటోలు, వాళ్ల అనుమతితో తీసినవి, చూపించారు. మిగతాచోట్ల నాకు చూపినవి 'ముందు', 'తర్వాత' మాత్రమే. ఆవిడ దగ్గర స్ప్లింట్ (ఆపరేషన్ తర్వాత ముక్కు కదలకుండా పెట్టే గట్టి పట్టీ) తీసిన రోజు ఫొటో, నెల తర్వాతిది, ఆరు నెలలది, ఏడాదిది వరుసగా ఉన్నాయి. సుమారు వారం తర్వాత నాకు స్ప్లింట్ విప్పినప్పుడు ముక్కు కొన పైకి లేచి, ఉబ్బి, నాది కానట్టే ఉంది. పై పెదవి బిగుసుకుపోయి నవ్వు సరిగా రాలేదు. కొనను తాకితే స్పర్శ తెలియలేదు. ఆ ఫొటోలు ముందే చూసి ఉండటం వల్ల బెంబేలెత్తలేదు. దూలం మీద బరువు పడకూడదని కొన్ని వారాలపాటు కళ్లద్దాలను నుదుటికి టేపుతో అంటించుకుని పనిచేసుకున్నాను. ఇలాంటి చిన్న ఇబ్బందులను ఎవరైనా ముందుగా చెప్పకపోతే వాళ్లకు రోగి రోజువారీ బతుకు మీద ధ్యాస లేదనే అనుకోవాలి.

ఇక అర్హత సంగతి. చాలా దేశాల్లో 'కాస్మెటిక్ సర్జన్' అనే బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఉండి తీరాలన్న కట్టుబాటు లేదు. వైద్యుడిగా నమోదై ఉంటే చాలు. ఈ గందరగోళం వల్లనే ఆస్ట్రేలియా 2023లో చట్టం మార్చి, శస్త్రచికిత్స వంటి కొన్ని నిర్దిష్టమైన శాఖల్లో స్పెషలిస్టు గుర్తింపు ఉన్న వైద్యులే 'సర్జన్' అని చెప్పుకోవాలని నియమం పెట్టింది. కనుక గోడ మీద వేలాడే ధ్రువపత్రాలు ఎన్ని ఉన్నాయని కాక, ఏ శాఖలో, ఎవరి దగ్గర, ఎన్నేళ్ల శిక్షణ అని చూడాలి. భారతదేశంలో ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఆర్‌ఎన్‌బీ (ఇదివరకు డీఎన్‌బీ) పట్టా, బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ వారి స్పెషలిస్టు రిజిస్టర్‌లో నమోదు, అమెరికాలో అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ గుర్తింపు అలాంటివి. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్లను వీటి పక్కన నిలబెట్టలేం. మీరున్న చోట వైద్య మండలి రిజిస్టర్‌ను ఇంటర్నెట్‌లో మీరే స్వయంగా వెతికి, పేరు, అర్హత, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది సరిచూసుకోండి. క్లినిక్ వాళ్లు ఇచ్చిన కాగితంతో సరిపెట్టుకోవద్దు.

ముక్కు పని ప్లాస్టిక్ సర్జన్లదా, ఈఎన్‌టీ వాళ్లదా అని మీరు విడిగా అడిగారు. ముఖానికి సంబంధించిన ప్లాస్టిక్ సర్జరీలో అదనపు శిక్షణ పొందిన ఈఎన్‌టీ సర్జన్లు ముక్కు విషయంలో ఎవరికీ తీసిపోరు. కనురెప్పలకు ఆక్యులోప్లాస్టిక్ శిక్షణ ఉన్న కంటి వైద్యులు, దవడ ఎముకలకు మాక్సిల్లోఫేషియల్ సర్జన్లు ఉన్నట్టే ఇదీను. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి నెలకొల్పించిన హెరాల్డ్ గిలీస్, ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి పితామహుడనిపించుకున్న ఆయన, మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుడే. శాఖ పేరుమీద వాదించుకోవడం అనవసరం. ఈ ఆపరేషన్‌నే తరచుగా చేస్తారా, చెడిపోయిన ముక్కులను తిరిగి సరిదిద్దడం వచ్చా అన్నవే నిగ్గు తేల్చే ప్రశ్నలు.

నేను వెళ్లిన ఒక క్లినిక్‌లో మాట్లాడినదంతా కౌన్సెలర్. డాక్టరు చివర్లో వచ్చి, నిలబడే కాసేపు చూసి, 'చాలా సులువు' అని వెళ్లిపోయారు. ఆ రోజే అడ్వాన్స్ కడితే రాయితీ అన్నారు. చర్మం కోసే పనికి తొందరపెట్టే రాయితీలేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను చివరకు ఎంచుకున్నావిడ ముందు లైటు వేసి ముక్కు లోపల చూశారు, కొనను వేలితో నొక్కి మృదులాస్థి బలం పరీక్షించారు, ఆ తర్వాత నా బుగ్గను పక్కకు లాగి పట్టుకుని గాలి పీల్చమన్నారు. అలా లాగినప్పుడు ఊపిరి సులువైతే లోపలి కవాటం, అంటే ముక్కులో గాలి దారి అన్నిటికన్నా సన్నగా ఉండే చోటు, మరీ ఇరుకుగా ఉండవచ్చనడానికి అదొక సూచన. అంతా అయ్యాక, వంకర పూర్తిగా పోకపోవచ్చని, రెండోసారి సరిదిద్దవలసి వచ్చే అవకాశం ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా ఉంటుందని చెప్పారు. ఫలానావారి హస్తవాసి మంచిదని నలుగురూ చెప్పిన మాటకన్నా ఆ ఒక్క మాటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

మీరు అడగవలసిన వాటిలో ముఖ్యమైనవి ఇవి. ఆపరేషన్ మొదటినుంచి చివరిదాకా మీరే చేస్తారా? మత్తు ఇచ్చేది అర్హత గల మత్తు వైద్యులేనా, ఆపరేషన్ థియేటర్‌కు గుర్తింపు ఉందా? రాత్రివేళ రక్తం ఆగకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రిలో చేర్చుకుంటారు? మీ చేతిలో సరిగా రాని ఫలితాలు ఏవి, వాటిని ఎలా సరిదిద్దారు? రెండోసారి చేయవలసి వస్తే ఖర్చు ఎవరిది? ఈ ఆఖరి రెండు ప్రశ్నలకు మొహం చిట్లించేవారు తర్వాతి ఏడాదిలో మీ ఫోన్ ఎత్తుతారని ఆశించలేం.

మీ ముక్కు సెల్ఫీల్లో మరీ పెద్దదిగా కనిపిస్తోందని రాశారు. దానికి కారణం కొంతవరకు కెమెరాయే. సుమారు 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో, 5 అడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే, ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దూరం నుంచి ఇంకొకరిచేత తీయించుకుని చూడండి. క్లినిక్ ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. 'ముందు' ఫొటోలో పైనుంచి పడే లైటు, వేలాడేసిన మొహం, 'తర్వాత' ఫొటోలో మేకప్, చిరునవ్వు ఉంటే వాటిని పోల్చి లాభం లేదు. కంప్యూటర్‌లో చూపించే బొమ్మ సర్జన్‌కూ మీకూ మధ్య సంభాషణకు పనికొస్తుందే తప్ప హామీపత్రం కాదు. ఇతరులకు దాదాపు కనిపించని లోపం గురించి రోజులో గంటలకొద్దీ బాధపడుతుంటే, మంచి సర్జన్ ఆపరేషన్ కాదని మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. అలా పంపినవారి మీద కోపం తెచ్చుకోవద్దు.

కనురెప్పల ఆపరేషన్, ఫేస్‌లిఫ్ట్ (ముఖం మీద వదులైన చర్మాన్ని బిగించే ఆపరేషన్) గురించి మీ అమ్మగారి తరఫున అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రెప్పల ఆపరేషన్ తర్వాత ఒక కంట్లో నొప్పి పెరుగుతూ చూపు మసకబారితే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే కంటి వెనక రక్తం చేరడం అరుదైనా చూపునే పోగొట్టగలదు. ఫేస్‌లిఫ్ట్‌లో తరచుగా ఎదురయ్యే చిక్కు చర్మం కింద రక్తం గడ్డకట్టడం. రక్తపోటు అదుపులో ఉండటం అక్కడ కీలకం. పొగతాగేవారికి చర్మానికి రక్తప్రసరణ తగ్గి గాయం మానకుండా చర్మం నల్లబడి చనిపోయే ప్రమాదం ఉన్నందున, ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు, తర్వాత కూడా కొన్ని వారాలు నికోటిన్ ఏ రూపంలోనూ వద్దంటారు. చర్మం కింద నింపి ఆకారం మార్చే ఫిల్లర్ ఇంజెక్షన్లకు కోత లేదు గదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మందు రక్తనాళంలోకి పోతే చర్మమో, చూపో దెబ్బతినవచ్చు. అక్కడ ఫిల్లర్‌ను కరిగించే మందు హైలురోనిడేజ్ సిద్ధంగా ఉందా అని అడగండి, అది కరిగించగలిగేది హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్లను మాత్రమే.

మొదటి భేటీకి మీరు వాడే మందులన్నిటి జాబితా తీసుకెళ్లండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రమే కాక, చేపనూనె, విటమిన్ ఇ, మూలికా మాత్రలు కూడా అందులో రాయండి, ఎందుకంటే వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. అయితే డాక్టరు చెప్పకుండా ఏదీ మీ అంతట మీరు మానవద్దు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడి ఉంటే ఎప్పుడు ఆపారో, పాత గాయాలేవైనా ఉబ్బెత్తు మచ్చలుగా మారాయా, ముక్కుకు ఇదివరకు దెబ్బగానీ ఆపరేషన్‌గానీ జరిగిందా అన్నవి చెప్పండి. ఫలానా నటి ముక్కు ఫొటోకు బదులు మీ ముక్కులో మీకు నచ్చనివి ఒకటి రెండు, మారకూడదని మీరు కోరుకునేవి ఒకటి రెండు కాగితం మీద రాసుకెళ్లండి. వీలైతే మీతో మొహమాటం లేకుండా మాట్లాడే ఒకరిని వెంట తీసుకెళ్లి, డాక్టరు చెప్పింది వాళ్లచేత రాయించండి. కనీసం ఇద్దరు సర్జన్లను కలిశాకే తేదీ మాట ఎత్తండి.