ఓవెన్లో పెట్టే గిన్నె మీద ఏం కప్పాలి?

మిగిలిన కూరలు ఫ్రిజ్‌లో దాచడానికి, మళ్ళీ మైక్రోవేవ్ ఓవెన్లో వేడి చేయడానికి ఏ కంపెనీ క్లింగ్ రాప్ (గిన్నెల మీద సాగదీసి అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర) మంచిదని అడిగారు. మీరూ బెంగళూరే అన్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఏ కంపెనీదైనా సరే, ఆ రాప్ ఓవెన్లోకి వెళ్ళకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

రెండేళ్ళ కిందట సంక్రాంతి అయ్యాక మా అత్తయ్యగారు నరసరావుపేట నుంచి కుందలహళ్ళిలో మా ఇంటికి వచ్చారు. ఆవిడ గుత్తి వంకాయ చేశారంటే నూనె పైకి తేలాల్సిందే. రాత్రి మిగిలిన కూరని గాజు గిన్నెలో సర్ది, పైన క్లింగ్ రాప్ వేసి, కూరని తాకేలా వేళ్ళతో నొక్కాను. గాలి తగలకపోతే కూర పాడవదని ఎవరో వీడియోలో చెప్పగా విన్నాను. మర్నాడు మధ్యాహ్నం నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. అత్తయ్యగారు గిన్నెని అలాగే ఓవెన్లో పెట్టి నాలుగు నిమిషాలు తిప్పారు. కాసేపటికి గుమ్మం దగ్గరికొచ్చి, "ఏమ్మా, దీని మీద కాగితం ఉండాలిగా, కనపడట్లేదేమిటి?" అన్నారు.

వెళ్ళి చూశాను. గిన్నె అంచు చుట్టూ రాప్ ముడుచుకుపోయి గట్టి రింగులా అంటుకుని ఉంది. మధ్యలో ఉండాల్సినది లేదు. గరిటెతో కూరని కదిపితే నూనెలోంచి సన్నటి తీగలా సాగుతూ పైకి వచ్చింది. చల్లారాక గోరుతో విరిస్తే టక్కున విరిగింది. అప్పటికే నాలుగేళ్ళ మా బాబు కంచంలో అన్నం, ఆ కూర రసం కలిపి ఉన్నాయి. ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. ఆ కంచం తీసేస్తుంటే నా చేతులు వణికాయి. తొమ్మిది కాయలూ పారేశాం. అత్తయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. "ప్లేటు బోర్లిస్తే సరిపోయేదిగా" అన్నారంతే. నా జవాబు కూడా అదే.

"మేం కూడా వేడి చేస్తాం, మాకేం కాలేదు" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఎక్కువగా అన్నమో పప్పో వేడి చేసి ఉంటారు. వాటిలో ఉన్నది నీళ్ళు. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర ఆవిరైపోతాయి, ఆ పైకి వేడెక్కవు. నూనెకి ఆ హద్దు లేదు. రాప్‌లలో వాడే సాధారణ పాలిథిన్ 110 డిగ్రీల అటూ ఇటూ కరిగిపోతుంది. నూనె తేలిన కూర ఆ వేడి దాటడానికి ఎంతోసేపు పట్టదు. పైగా కొన్ని రాప్‌లు పీవీసీ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. అవి సాగడానికి, అంటుకోవడానికి కలిపే రసాయనాలు నూనెలోకి, నెయ్యిలోకి తేలిగ్గా దిగుతాయి. అందుకే నా లెక్కలో అసలు చూసుకోవాల్సింది కూరలో నూనె ఎంత ఉందన్నది. మన తెలుగు వంటకి ఇది ఇంకా ముఖ్యం. ఇగురు, వేపుడు, పచ్చడి, ఏది చూసినా నూనే కదా.

డబ్బా మీద "మైక్రోవేవ్ సేఫ్" అని చూసి నిశ్చింతగా ఉండకండి. డబ్బా కరగదు, పగలదు అన్నంత వరకే ఆ మాటకి నా దగ్గర విలువ. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, 160 డిగ్రీల దాకా కరగదు. 1 ఉంటే మంచినీళ్ళ బాటిల్ రకం, 6 అంటే థర్మాకోల్ జాతి, ఈ రెండూ ఓవెన్లోకి పనికిరావు. డబ్బా అడుగున 5 ఉన్నా మూత వేరే రకం కావచ్చు, అదీ తిప్పి చూడండి. నేనైతే 5 ఉన్న డబ్బాలోంచి కూడా గాజు గిన్నెలోకి మార్చాకే వేడి చేస్తాను.

అసలు నాకు ఒళ్ళు మండేది హోటళ్ళ మీద. మా వీధి చివర హోటల్లో పొయ్యి మీంచి దింపిన సాంబారుని నేరుగా పల్చటి కవర్లో పోసి ముడి వేసి ఇస్తారు. వేలు పెట్టలేనంత వేడి. 2016లో కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్ కవర్లు, ప్లేట్లు, స్పూన్లతో పాటు క్లింగ్ ఫిల్మ్‌ని, అంటే ఈ రాప్‌ని కూడా నిషేధించింది. రోల్ కొన్నాక గానీ నాకీ సంగతి తెలియలేదు. వడలు న్యూస్‌పేపర్లో చుట్టకూడదని 2018 ఆహార ప్యాకింగ్ నిబంధనల్లోనే ఉంది. అయినా చుడుతూనే ఉన్నారు. నేను స్టీలు క్యారియర్ తీసుకెళ్తున్నాను. మొదట్లో కౌంటర్ దగ్గరబ్బాయి విసుక్కున్నాడు, ఇప్పుడు చూడగానే చెయ్యి చాపుతున్నాడు.

సిల్వర్ ఫాయిల్ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఓవెన్లో నిప్పురవ్వలు వస్తాయని అందరికీ తెలుసు. పులిహోర సంగతి తెలియదు. స్టీలు గిన్నెలో పులిహోర ఉంచి, అన్నాన్ని తాకేలా ఫాయిల్ కప్పి రాత్రంతా వదిలేసి చూడండి. పొద్దున ఆ ఫాయిల్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెడితే సూదితో పొడిచినట్టు చిల్లులు కనిపిస్తాయి. చింతపండు పులుపు, ఉప్పు, స్టీలు, అల్యూమినియం కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, ఫాయిల్ కరిగి అన్నంలోకి దిగుతుంది. చపాతీలు చుట్టుకోవడానికి ఫాయిల్ చాలు, పులుపు తగిలే దేనికీ వద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్‌లోకి స్టీలు డబ్బాలు, గాజు గిన్నెలు. ఓవెన్లో గాజు గిన్నె మీద పింగాణీ ప్లేటు బోర్లిస్తాం, ఆవిరి పోవడానికి కాస్త పక్కకి జరిపి. బంగారు అంచు ఉన్న ప్లేటు పెట్టకండి, రవ్వలు వస్తాయి. తీసేటప్పుడు ప్లేటుని మీ వైపు కాకుండా అవతలి వైపు నుంచి ఎత్తండి, లేకపోతే ఆవిరి మొహానికి కొడుతుంది. ఆ రాప్ రోల్ ఇంకా డ్రాయర్లో ఉంది. కోసిన పుచ్చకాయ గిన్నెకి, అదీ ముక్కకి తగలకుండా, చుడుతుంటాను. అయిపోతే ఇంకోటి కొనను.