చైనీస్ వస్తే జపనీస్ వచ్చేసినట్టేనా?

"రెండు భాషల అక్షరాలూ ఒకటే కదా, చైనీస్ నేర్చుకుంటే జపనీస్ సగం వచ్చేసినట్టేనా?" అని అడిగారు. రాదండీ. హైదరాబాద్‌లో నేను జపనీస్ నేర్చుకున్న కోచింగ్ సెంటర్‌లో కూడా సగం వచ్చేసినట్టేనని చెప్పేవారు. అది నమ్మి ఒక సాయంత్రం ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

2016లో టోక్యోలోని నిషికసాయిలో ఉండేవాళ్ళం. మావారు ఆఫీసు పని మీద ఒసాకా వెళ్ళారు. మా నాలుగేళ్ళ బాబు వేలు తలుపు సందులో పడి నలిగింది. గోరు నల్లగా కమిలిపోయింది, ఒకటే ఏడుపు. నాకు కాళ్ళూ చేతులూ ఆడక పక్క ఫ్లాట్ వాంగ్ గారి తలుపు కొట్టాను. ఆవిడది చైనాలోని చెంగ్డూ, జపాన్ వచ్చి రెండు నెలలే. అయితేనేం, అక్షరాలన్నీ వచ్చినావిడ తోడుంటే చాలనుకున్నాను.

క్లినిక్‌లో ముందుగా ఒక ఫారం చేతికిచ్చారు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ వరకు వాంగ్ గారు వేలు పెట్టి చకచకా ఇంగ్లీషులో చెప్పేశారు. ఆ తర్వాత కతకానాలో ఒక మాట వచ్చేసరికి ఆగిపోయారు. కతకానా జపాన్ వాళ్ళ సొంత లిపి, ఆవిడకి రాదు. నాకు వచ్చు. కూడబలుక్కుని "ఆ-రె-రు-గీ" అని చదివాను. అలర్జీ! ఆ కింద రెండు చైనా అక్షరాలు. వాటిని చూసి ఆవిడ మొహం చిట్లించి, "ఇక్కడ 'నన్ను తప్పుపట్టు' అని ఉందే" అన్నారు. చైనీస్‌లో అది 'గ్వాయ్ వో', తప్పు నాదే అని చెప్పుకునే మాట. బాబు వేలు నా ఏమరుపాటు వల్లే నలిగిందని అప్పటికే కుమిలిపోతున్నాను. ఆ మాట వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీరా చూస్తే జపనీస్‌లో అది 'కెగా', అంటే దెబ్బ. ఆ అక్షరాలు అక్కడ ఉన్నది శబ్దం కోసమే, అర్థం కోసం కాదు.

మా వంతు కోసం ఎదురుచూస్తుంటే వాంగ్ గారు తన పేరు సంగతి చెప్పారు. 'వాంగ్' అంటే రాజు. జపాన్‌లో ఆ అక్షరాన్నే 'ఓ' అని చదువుతారు. ఒక ఆఫీసులో "ఓ సాన్, ఓ సాన్" (సాన్ అంటే మన 'గారు') అని పిలుస్తుంటే ఎవరినో అనుకుని అలాగే కూర్చుండిపోయారట.

దీన్ని మనవాళ్ళు తేలిగ్గానే అర్థం చేసుకోగలరు. మనం విడిగా 'నీళ్ళు' అంటాం, కానీ జలపాతం, జలాశయం అంటాం. రెండిటికీ ఒకే గుర్తు రాసి, సందర్భాన్ని బట్టి నీళ్ళనో జల అనో చదవాల్సి వస్తే ఎలా ఉంటుందో జపనీస్ అలా ఉంటుంది. నీటి అక్షరం ఒంటరిగా ఉంటే 'మిజు', అది వాళ్ళ సొంత మాట. కుళాయి నీటిని 'సుయ్‌దో' అంటారు, అందులోని 'సుయ్' చైనా నుంచి తెచ్చుకున్నది. పైగా ఆ తెచ్చుకోవడం కూడా ఒక్కసారి జరగలేదు. 'వెళ్ళు' అనే అక్షరం క్యూ అనే మాటలో 'గ్యో', బ్యాంకు అనే మాటలో 'కో', పాతకాలం లాంతరు పేరులో 'అన్'. ఒక్కో ఉచ్చారణ ఒక్కో కాలంలో చైనా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిపోయింది.

అర్థాలు కూడా దారి తప్పుతాయి. జపనీస్‌లో చదువుని 'బెంక్యో' అంటారు. అవే అక్షరాలకి ఇప్పటి చైనీస్‌లో బలవంతం, అయిష్టంగా చేయడం అని అర్థం. హిందీవాళ్ళకి శిక్షా అంటే చదువు, మనకేమో దండన. అచ్చం అలాగే.

"జపాన్ వాళ్ళు చైనాని కాపీ కొట్టారు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తత్వశాస్త్రానికి చైనీస్‌లో వాడే మాట 19వ శతాబ్దంలో జపాన్‌లో నిషి అమానె అనే పండితుడు పుట్టించినదే. టెలిఫోన్‌కి వాడే మాట కూడా జపాన్ నుంచి చైనాకి వెళ్ళిందే.

ఇంకో మాట, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను: జపనీస్ నేర్చుకోవడానికి చైనీస్ కంటే తెలుగే ఎక్కువ ఉపయోగం. మనలాగే వాళ్ళకీ క్రియ చివర్లో వస్తుంది, విభక్తులు నామవాచకం వెనకాల వస్తాయి. చైనీస్‌లో 'తింటాను' తర్వాత 'అన్నం' వస్తుంది. జపాన్ అక్షరమాల వరస కూడా బౌద్ధుల సంస్కృత చదువు నుంచి వచ్చిందే: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క. కోచింగ్‌లో ఇవేవీ చెప్పకుండా 2,136 చైనా అక్షరాల పట్టిక చేతిలో పెట్టి బట్టీ పట్టమంటారు.

ఆ రోజు ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. నాకు అర్థం కావడం లేదని గమనించిన డాక్టర్ గారు, చైనా ఆవిడ చదువుతారు కదా అని, కాగితం మీద మూడక్షరాలు రాసి చూపించారు. జపనీస్‌లో అది 'దైజోబు', ఏం ఫర్వాలేదని. ఆ మాట నాకు తెలుసు కానీ రాస్తే గుర్తుపట్టలేను. వాంగ్ గారు అది చైనీస్‌లో చదువుకుని, బాబు వైపు వంగి, "డాక్టర్ గారు నిన్ను 'దా జాంగ్ ఫు' అన్నారు, అంటే మహావీరుడివని" అన్నారు. నేను తెలుగులో చెప్పాను. వాడు ఏడుపు ఆపి, కట్టు కట్టించుకోవడానికి చెయ్యి చాచాడు.