పాట ఫ్రీగా దింపుకుంటే దొంగతనమేనా?

ప్రశ్న: కొత్త సినిమా పాటలు ఏదో సైట్ నుంచి ఫ్రీగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి కార్లో వింటుంటానండీ, మా అమ్మాయేమో అది దొంగ సొమ్ము అంటోంది, నిజమేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సగం నిజమేనండీ. దొంగతనమంటే ఒకరి వస్తువు వాళ్ల దగ్గర లేకుండా పట్టుకుపోవడం, పాట కాపీ చేస్తే అసలుది ఎక్కడికీ పోదు కదా, అందుకే దీన్ని 1957 కాపీరైట్ చట్టం కింద ఉల్లంఘన అంటారు, అలాగని తేలిగ్గా తీసుకోకండి, తెలిసి చేశారని తేలితే 3 ఏళ్ల దాకా జైలు రాసుంది. నన్నడిగితే అసలు దొంగలు యాడ్స్ పెట్టుకుని సంపాదించే ఆ సైట్లవాళ్లే. 2012లో చట్టం మార్చాక పాట రాసినవాళ్లకీ ట్యూన్ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా వచ్చింది, హక్కులు కంపెనీకి రాసిచ్చేసినా అది పోదు, మీ పెన్‌డ్రైవ్ పాటల మీద మాత్రం వాళ్లకి పైసా రాదు. యూట్యూబ్‌లో కంపెనీల సొంత ఛానెల్స్‌లో ఫ్రీగానే ఉంటాయి, ఫోన్ బ్లూటూత్‌కి కలిపేసుకోండి.